వెనక్కి చూస్తే దొరికే అక్షరం



ఒక కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుంటే ఈ ప్రసంగం వినడం తేలికవుతుంది. అయిదు ఇంగ్లిషు అక్షరాలు చెబుతాను, రాసుకోండి. ఏ, సీ, ఎఫ్, జే, ఓ. వీటి తర్వాత వచ్చే అక్షరం ఏది?

జవాబు కాసేపటికి చెబుతాను. ఈ ప్రశ్న ఎవరి కోసం పుట్టిందో ముందు చెప్పాలి. పటాన్‌చెరు దాటి ముంబై రహదారి మీద వస్తుంటే ఇస్నాపూర్, రుద్రారం, ఆ తర్వాత కంది. కుడిఎడమల ఫ్యాక్టరీలు. వాటిలో షిఫ్టులకు వెళ్లే తల్లిదండ్రుల పిల్లలు చదివేవి ఎక్కువగా సర్కారు బడులే. మన పల్లెల పిల్లల పక్కనే ఒడిశా నుంచి, బిహార్ నుంచి పనికి వచ్చిన కుటుంబాల పిల్లలూ కూర్చుంటారు. ఈ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ఏటా ఒక పరీక్ష ఉంటుంది. నేషనల్ మీన్స్ కం మెరిట్ స్కాలర్‌షిప్ అని పేరు, ఎన్ఎంఎంఎస్ అంటారు. ఇంటి ఆదాయం ఏడాదికి 3.5 లక్షలకు మించని పిల్లలు రాయొచ్చు. నెగ్గితే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా ఏడాదికి 12,000 రూపాయలు, అంటే నాలుగేళ్లకు 48,000. పిల్లను బడి మాన్పించాలా వద్దా అని ఆలోచనలో పడిన ఇంట్లో ఆ డబ్బు విలువ ఎంతో నేను వేరే చెప్పక్కర్లేదు.

ఆ పరీక్షలో సగం మెంటల్ ఎబిలిటీ. 90 ప్రశ్నలు, 90 నిమిషాలు. ఇందాక నేను అడిగినటువంటి అక్షర శ్రేణులు ఆ సగంలోనే వస్తాయి. ఇంకాస్త పెద్దయ్యాక రైల్వే ఉద్యోగాల పరీక్ష రాసేటప్పుడూ ఇవే ఎదురవుతాయి. అక్కడ వంద ప్రశ్నలకు 90 నిమిషాలు, ఒక బిట్టుకు 54 సెకన్లు. తప్పు రాస్తే మార్కులో మూడో వంతు పోతుంది.

సరే, జవాబు. ఏ ఒకటో అక్షరం, సీ మూడోది, ఎఫ్ ఆరోది, జే పదోది, ఓ పదిహేనోది. ఒకటి, మూడు, ఆరు, పది, పదిహేను. మధ్య ఎడాలు చూడండి: రెండు, మూడు, నాలుగు, అయిదు. తర్వాతి ఎడం ఆరు. పదిహేనుకు ఆరు కలిపితే ఇరవై ఒకటి, అంటే యూ.

ఇక్కడ మనం చేసిన పని ఏమిటి? జవాబు ఖాళీలో ఉందని కళ్లు ఖాళీ మీదే పెట్టే పిల్లకు అది దొరకదు. వెనక్కి తిరిగి, ఉన్న అక్షరాల మధ్య ఏం జరుగుతోందో చూసిన పిల్లకు దొరుకుతుంది. ఎంత దూరం వెనక్కి చూడాలి, ఎక్కడ ఆగాలి అన్నదే ఈ విద్య అంతా. నేను లెక్కలు చెప్పే మనిషిని. ఈ చిన్న ప్రశ్నను బిట్టుగా కొట్టిపారేయొద్దని చెప్పడానికే ఈ పూట మీ ముందుకు వచ్చాను.

పిల్లలకు నేర్పేటప్పుడు మొదట చేయించేది అక్షరాల కింద అంకెలు వేయించడం. ఇరవై ఆరు అక్షరాల స్థానాలు నోటికి రావడానికి కోచింగుల్లో ఒక గుర్తు చెబుతారు: ఈ, జే, ఓ, టీ, వై. అయిదు, పది, పదిహేను, ఇరవై, ఇరవై అయిదు. ఈ అయిదు మైలురాళ్లు గుర్తుంటే, మొదట్లో ఉన్న ఏ, బీ తప్ప మిగిలిన ఏ అక్షరమైనా రెండడుగుల దూరంలోనే ఉంటుంది. ఆర్ ఎన్నోది? టీకి రెండు వెనక, పద్దెనిమిది. రెండో గుర్తు, ఇరవై ఏడు. ఏకు ఎదురు జెడ్, బీకి ఎదురు వై, సీకి ఎదురు ఎక్స్. ఏ జత కూడినా ఇరవై ఏడే వస్తుంది.

ఇప్పుడు ఇంకొకటి రాసుకోండి. ఈ, హెచ్, ఎల్, క్యూ, డబ్ల్యూ. అంకెలు వేస్తే 5, 8, 12, 17, 23. ఎడాలు మూడు, నాలుగు, అయిదు, ఆరు. తర్వాత ఏడు కలిపితే 30. ఇరవై ఆరే అక్షరాలు కదా, ముప్పయ్యోది ఎక్కడిది? జెడ్ అయిపోయాక మళ్లీ ఏ దగ్గరికి రావాలి. 30లోంచి 26 తీసేస్తే నాలుగు. డీ. గడియారంలో పన్నెండు తర్వాత ఒకటి వచ్చినట్టే ఇదీ. పిల్లలకు ఈ చుట్టు తిరగడం ఒక్కసారి అర్థమైతే చాలు, పై తరగతుల్లో శేషాల లెక్కలు వచ్చినప్పుడు బెదరరు.

బీ, సీ, ఈ, జీ, కే. దీనికి ఎడాలు తీస్తే ఒకటి, రెండు, రెండు, నాలుగు. ఏమీ పొందిక కనిపించదు. అప్పుడు ఎడాలను వదిలేసి స్థానాలనే చూడాలి: 2, 3, 5, 7, 11. ప్రధాన సంఖ్యలు. తర్వాత 13, ఎం. ఏ, జెడ్, బీ, వై, సీ అని ఇస్తే పక్కపక్క అక్షరాలను పోల్చిన పిల్ల తికమక పడుతుంది. ఒకటి విడిచి ఒకటి చూస్తే రెండు వరసలు విడివిడిగా కనిపిస్తాయి: ఏ, బీ, సీ ఒకటి, జెడ్, వై, ఎక్స్ ఇంకొకటి. ఒక్క అడుగు వెనక్కి చూస్తే తెలియనిది రెండడుగులు వెనక్కి చూస్తే తెలిసింది.

ఎనిమిదో తరగతి పిల్లలు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. 'సార్, జవాబు ఒక్కటే ఉంటదా?' ఎంత మంచి ప్రశ్నో చూడండి. గైడు పుస్తకాల్లో దీనికి జవాబు ఉండదు, అక్షరం మాత్రమే అచ్చయి ఉంటుంది.

ఏ, బీ, డీ. తర్వాత? ప్రతిసారీ రెట్టింపు అనుకుంటే 1, 2, 4, 8, అంటే హెచ్. ఎడం ఒకటి, రెండు, మూడు అని పెరుగుతోందనుకుంటే 1, 2, 4, 7, అంటే జీ. రెండూ సరైనవే. మూడే అక్షరాలిచ్చి ఒకే జవాబు కోరడం అన్యాయం. మరి అయిదిస్తే? ఏ, బీ, డీ, హెచ్, పీ. 1, 2, 4, 8, 16. ఇక అనుమానం లేదు, రెట్టింపే, 32 అంటారు ఎవరైనా. 32 నుంచి 26 పోతే ఆరు, ఎఫ్.

ఇప్పుడు కాగితం మీద ఒక వృత్తం గీయండి. దాని అంచు మీద రెండు చుక్కలు పెట్టి గీతతో కలిపితే వృత్తం రెండు ముక్కలవుతుంది. మూడు చుక్కలు పెట్టి అన్నింటినీ కలిపితే నాలుగు ముక్కలు. నాలుగు చుక్కలకు ఎనిమిది, అయిదు చుక్కలకు పదహారు. ఒక్క చుక్కే ఉంటే గీతలే లేవు కాబట్టి ఒకే ముక్క. 1, 2, 4, 8, 16. ఆరో చుక్క పెట్టి, మూడు గీతలు ఒకే చోట కలవకుండా జాగ్రత్తగా గీసి లెక్కపెట్టండి. 31 ముక్కలే వస్తాయి. 32 ఎన్నటికీ రాదు. అంటే అదే శ్రేణికి ఈ నియమం ప్రకారం జవాబు 31, దానిలోంచి 26 పోతే అయిదు, ఈ. ఒకరు ఎఫ్ అంటారు, ఒకరు ఈ అంటారు, ఇద్దరి దగ్గరా నియమం ఉంది. ఈ బొమ్మ గీయించిన రోజు తరగతి వదలడానికి పిల్లలు ఇష్టపడరు.

అందుకే నా తరగతిలో అక్షరం చెబితే మార్కు ఇవ్వను. నియమం చెప్పాలి, ఆ నియమం మొదటి అక్షరం నుంచి చివరిదాకా ఎక్కడా తప్పలేదని చూపించాలి, అప్పుడు అక్షరం. పరీక్షలో నాలుగు ఎంపికలు ఇస్తారు కాబట్టి ఏ నియమం వాళ్ల మనసులో ఉందో తేలిపోతుంది. బయట లోకంలో ఎంపికలు ఎవరూ ఇవ్వరు.

ఇంకో మాట. తెలుగు మాధ్యమంలో చదివే పిల్లలకు కూడా ఈ ప్రశ్నలు చాలావరకు ఇంగ్లిషు అక్షరాలతోనే వస్తాయి. వేరే రాష్ట్రాల పిల్లలు కూడా కూర్చునే తరగతిలో అది ఒక విధంగా అందరికీ సమానమే. కానీ మన వర్ణమాలతో శ్రేణులు కట్టి చూడండి, వాటి అందమే వేరు. ఇంగ్లిషు అక్షరాలు ఒకే వరసలో నిలబడి ఉంటాయి. మన హల్లుల్లో క నుంచి మ దాకా అయిదు వరసల్లో అయిదేసి, నోట్లో పలికే చోటును బట్టి, పలికే తీరును బట్టి అమర్చి పెట్టారు. అడ్డంగానూ నడవొచ్చు, నిలువుగానూ నడవొచ్చు. క, చ, ట, త అంటే తర్వాత ప అని ఒకటో తరగతి పిల్ల కూడా చెబుతుంది. గ, జ, డ, ద అంటే బ. ఇప్పుడు కాస్త కష్టమైనది: క, ఛ, డ, ధ. తర్వాత? మొదటి వరసలో మొదటిది, రెండో వరసలో రెండోది, మూడో వరసలో మూడోది, నాలుగో వరసలో నాలుగోది. అయిదో వరసలో అయిదోది మ. మూల నుంచి మూలకు నడిచాం. రెండో మూల నుంచి నడవండి: ఙ, ఝ, డ, థ, ప. రెండు దారులూ డ దగ్గర కలుస్తాయి.

అంతేకాదు, అక్షరాలకు అంకెలు వేయడం మనకు కొత్త కాదు. కటపయాది అనే పద్ధతిలో క ఒకటి, ఖ రెండు, గ మూడు. మళ్లీ ట ఒకటి, ప ఒకటి, య ఒకటి. కర్ణాటక సంగీతంలో 72 మేళకర్త రాగాల పేర్లు ఈ లెక్కలోనే కూర్చారు. మాయామాళవగౌళలో మా అంటే అయిదు, యా అంటే ఒకటి. తిరగేస్తే పదిహేను, అది పదిహేనో మేళకర్త. మేచకల్యాణిలో అయిదు, ఆరు. తిరగేస్తే అరవై అయిదు. సంగీతం నేర్చుకునే పిల్లలు ఇంట్లో ఉంటే మిగతా పేర్లు వాళ్ల చేత లెక్క కట్టించండి.

నా మనసుకు అన్నిటికంటే దగ్గరైన శ్రేణి మాత్రం తెలుగు వాచకంలోనే ఉంది. ఛందస్సు పాఠంలో గణాలు గుర్తుండటానికి మనందరి చేతా వల్లె వేయించారు: యమాతారాజభానసలగం. పది అక్షరాలు. చాలామందికి పరీక్ష అయిపోయాక అది నోట్లో మిగిలిపోయిన ఒక శబ్దం. దానిలో ఏముందో ఒకసారి విప్పి చూద్దాం.

య పొట్టిది, లఘువు. మా, తా, రా మూడూ దీర్ఘాలు, గురువులు. జ లఘువు. భా గురువు. న, స, ల మూడూ లఘువులు. చివరి గం సున్నతో ఉంది కాబట్టి గురువు. ఇప్పుడు ఏ గణం కావాలంటే ఆ అక్షరం దగ్గర మొదలుపెట్టి మూడు అక్షరాలు తీసుకోండి. యమాతా: లఘువు, గురువు, గురువు. అదే యగణం. ఒక్క అడుగు జరిగితే మాతారా: మూడూ గురువులు, మగణం. తారాజ తగణం, రాజభా రగణం, జభాన జగణం, భానస భగణం, నసల నగణం, సలగం సగణం. మూడేసి అక్షరాలతో లఘువు గురువులు కలిపి ఎన్ని రకాలుగా పేర్చగలమో లెక్కిస్తే రెండు ఇంటూ రెండు ఇంటూ రెండు, ఎనిమిది. ఆ ఎనిమిదీ ఈ పది అక్షరాల్లో ఒక్కొక్కటి ఒక్కోసారే వచ్చాయి. ఏదీ వదిలిపోలేదు, ఏదీ రెండోసారి రాలేదు.

ఇంకా ఉంది. చివరి రెండక్షరాలు ల, గం: లఘువు, గురువు. మొదటి రెండు య, మా: అవీ లఘువు, గురువే. అంటే తోక వచ్చి తలను కలుస్తోంది. చివరి రెండూ తీసేసి మిగిలిన ఎనిమిదింటినీ గుండ్రంగా పేర్చితే చక్రం పూర్తవుతుంది. తరగతిలో లఘువుకు గవ్వ, గురువుకు గులకరాయి పెట్టి నేల మీద ఈ చక్రం వేయిస్తాను. గవ్వ, రాయి, రాయి, రాయి, గవ్వ, రాయి, గవ్వ, గవ్వ. ఏ చోట నుంచి మొదలుపెట్టినా, వరసగా మూడు తీసుకుంటూ చుట్టూ తిరిగితే ఎనిమిది గణాలూ వచ్చేస్తాయి. ఇందులో తర్వాతి అక్షరం చెప్పాలంటే ఎంత వెనక్కి చూడాలి? ఒక్క అక్షరం చూస్తే చాలదు, రెండు చూసినా చాలదు. ఉదాహరణకు రెండు గురువులు వరసగా వచ్చాయనుకోండి, వాటి తర్వాత ఒక చోట గురువు వచ్చింది, ఇంకో చోట లఘువు వచ్చింది. మూడు చూస్తే మాత్రం అనుమానానికి తావు లేదు. ప్రతి మూడింటికీ తర్వాతిది ఒక్కటే.

ఇలాంటి చక్రాలను గణితంలో డి బ్రూయిన్ శ్రేణులు అంటారు. నికోలాస్ డి బ్రూయిన్ హాలండ్ గణితవేత్త, 1946లో ఇవి ఎన్ని రకాలుగా వస్తాయో లెక్క కట్టి ప్రచురించారు. ఫ్రాన్స్‌లో సెంట్ మరీ అనే ఆయన 1894లోనే ఆ లెక్క తేల్చారని తర్వాత తెలిసినప్పుడు, ఆ గౌరవం ఆయనదేనని డి బ్రూయినే 1975లో రాశారు. 1960లలో అమెరికా గణితవేత్త షెర్మన్ స్టైన్ మన యమాతారాజభానసలగాన్ని తన రచనల్లో పాశ్చాత్య పాఠకులకు పరిచయం చేశారు. మూడేసి తీసుకునే చక్రాలు రెండే ఉన్నాయి, ఒకటి మనది, రెండోది దాన్ని వెనక నుంచి చదివితే వచ్చేది. నాలుగేసి తీసుకునేవి పదహారు. తెలుగు సార్లు, లెక్కల సార్లు ఒకే గదిలో కూర్చుని చెప్పుకోవాల్సిన పాఠం ఇది. ఛందస్సును మార్కుల కోసం వల్లించి వదిలేయడం నాకు బాధగా ఉంటుంది.

పద్యం విన్న చెవికి తర్వాతి అక్షరం సంగతి ఎప్పుడూ తెలుసు. వృత్తపద్యంలో ప్రతి పాదంలోనూ రెండో అక్షరం ఒకే హల్లు కావాలి, అది ప్రాస. ఉత్పలమాలలో మొదటి పాదం వినగానే రెండో పాదం రెండో అక్షరం ఏ హల్లో మనకు ముందే తెలిసిపోయింది. అది గురువో లఘువో కూడా తెలుసు. కవి ఇంకా నోరు తెరవలేదు.

ఇప్పుడు కంది దగ్గర నుంచి హైదరాబాదు వైపు కొంచెం వెనక్కి, పటాన్‌చెరు వెళ్దాం. అక్కడ 1972 నుంచి ఇక్రిశాట్ ఉంది. మెట్ట పంటల మీద పరిశోధన చేసే అంతర్జాతీయ సంస్థ. జొన్న, సజ్జ, శనగ, వేరుశనగ, కంది వాళ్ల పంటలు. 2011 చివర్లో రాజీవ్ వార్ష్ణే నాయకత్వంలో అక్కడి శాస్త్రవేత్తలు మరెన్నో దేశాల వాళ్లతో కలిసి కంది పంట జన్యుక్రమాన్ని ప్రకటించారు. ఆశ అనే రకం కందిని తీసుకున్నారు. ఈ పని లోపలి స్వరూపం చూస్తే, అది మన పిల్లల అక్షర శ్రేణే.

ఏ జీవిలోనైనా డీఎన్ఏ నాలుగే అక్షరాలతో రాసిన పొడవాటి వరస: ఏ, టీ, జీ, సీ. కందిలో ఆ వరస పొడవు దాదాపు 83 కోట్ల అక్షరాలు. దాన్ని మొదటి నుంచి చివరిదాకా ఏకబిగిన చదివే యంత్రం అప్పుడు లేదు. యంత్రాలు చిన్న చిన్న ముక్కలు మాత్రమే చదువుతాయి, ఏ ముక్క ఎక్కడిదో చెప్పవు. మరి పుస్తకం ఎలా కూర్చాలి?

మళ్లీ పెన్సిలు తీసుకోండి. మూడు ముక్కలు చెబుతాను. మొదటిది ఏ, టీ, జీ, జీ, సీ. రెండోది సీ, టీ, ఏ, ఏ, సీ. మూడోది జీ, జీ, సీ, టీ, ఏ. వరస కలిసిపోయింది, సరిచేయాలి. మొదటి ముక్క చివరి మూడక్షరాలు జీ, జీ, సీ. మూడో ముక్క మొదలయ్యేది వాటితోనే. ఒకదాని మీద ఒకటి పరిస్తే ఏ, టీ, జీ, జీ, సీ, టీ, ఏ. ఇప్పుడు చివర సీ, టీ, ఏ ఉంది. రెండో ముక్క దానితోనే మొదలవుతుంది. అదీ కలిపితే ఏ, టీ, జీ, జీ, సీ, టీ, ఏ, ఏ, సీ. తొమ్మిదక్షరాల వాక్యం తయారైంది. ప్రతి అడుగులోనూ మనం చేసింది చివరి మూడక్షరాలు చూసి తర్వాతిది ఏమిటో తెలుసుకోవడమే. యమాతారా తర్వాత జ ఎలా వచ్చిందో అలాగే. డీఎన్ఏ ముక్కలను ఇలా కూర్చే కంప్యూటర్ పద్ధతుల్లో బాగా పేరున్నదానికి డి బ్రూయిన్ పేరే ఉంది.

కంది కోసం వాళ్లు చదివిన ముక్కలన్నీ కలిపితే 23,720 కోట్ల అక్షరాలు. ఒకే చోటును మళ్లీ మళ్లీ చదివితేనే ముక్కలు ఒకదాని మీద ఒకటి పడతాయి, తప్పులు బయటపడతాయి. అంతా కూర్చాక దాదాపు 60.6 కోట్ల అక్షరాలు వరసలో పడ్డాయి, మొత్తంలో నూటికి 73 వంతులకు కాస్త తక్కువ. అందులో 48,680 జన్యువులు ఉండొచ్చని లెక్క తేల్చారు. మిగిలింది ఎందుకు పడలేదు? ఒకే ముక్క జన్యుక్రమంలో ఎన్నో చోట్ల అచ్చంగా అలాగే వచ్చే ప్రాంతాలు ఇలాంటి కూర్పుకు పెద్ద అడ్డు. అక్కడ తర్వాతి అక్షరానికి రెండు మూడు దారులు కనిపిస్తాయి, ఏది నిజమో ఆ చిన్న ముక్క చెప్పదు. ఏ, బీ, డీ తర్వాత జీనా హెచ్చా అని మన పిల్ల ఆగిపోయిన చోటే శాస్త్రవేత్తలూ ఆగారు. మందు ఒక్కటే, ఇంకా వెనక్కి, ఇంకా పొడవుగా చూడగలగాలి. ఆ తర్వాత వచ్చిన యంత్రాలు వేల అక్షరాల పొడవున్న ముక్కలు చదవడం మొదలుపెట్టాక ఈ చిక్కు చాలావరకు విడుతూ వస్తోంది.

కంది పప్పు లేని ఇల్లు మనకు లేదు. ఆ పంటకు ఎండు తెగులు, వెర్రి తెగులు వస్తే రైతు ఏడాది కష్టం పోతుంది. తెగులును తట్టుకునే గుణం ఏ వరసలో ఉందో తెలిస్తే మంచి రకం తయారుచేయడానికి పట్టే కాలం తగ్గుతుంది. అక్షర శ్రేణి ఎందుకు సార్ అని అడిగే పిల్లకు నేను చెప్పే మొదటి జవాబు ఇదే.

రెండో జవాబు కంది అనే ఊళ్లోనే ఉంది. ఐఐటీ హైదరాబాద్ 2008లో ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఆవరణలో మొదలై 2015లో కందికి వచ్చింది. 2019లో దేశంలోనే మొదటిసారిగా కృత్రిమ మేధలో బీటెక్ పెట్టింది ఆ సంస్థే. ఫోనులో మనం మాట టైపు చేస్తుంటే తర్వాతి మాట అదే ముందుకొచ్చి నిలబడుతుంది కదా. వ్యాసాలు రాసే, ప్రశ్నలకు జవాబులిచ్చే యంత్రాల అడుగున జరిగేదీ అలాంటి పనే: వెనక ఉన్నది చూసి తర్వాత వచ్చేది ఏమిటో అంచనా కట్టడం.

ఈ ఆలోచనకు నూరేళ్లు దాటాయి. రష్యా గణితవేత్త ఆంద్రే మార్కొవ్ 1913లో పుష్కిన్ రాసిన పద్య నవల యెవ్గెనీ అనేగిన్ తీసుకుని, అందులోని మొదటి 20,000 అక్షరాలను చేత్తో లెక్కపెట్టాడు. అచ్చులు 8,638, హల్లులు 11,362. తర్వాత అచ్చు వెనక అచ్చు ఎన్నిసార్లు వచ్చింది, హల్లు వెనక అచ్చు ఎన్నిసార్లు వచ్చింది అని చూశాడు. అచ్చు తర్వాత మళ్లీ అచ్చు వచ్చింది నూటికి పదమూడు సార్లే. హల్లు తర్వాత అచ్చు వచ్చింది నూటికి అరవై ఆరు సార్లు. వెనక ఒక్క అక్షరం చూసినా ముందున్నదాని గురించి ఇంత తెలుస్తుందన్నమాట. 1951లో అమెరికాలో క్లాడ్ షానన్ మనిషి ముందు ఒక వాక్యాన్ని దాచిపెట్టి, తర్వాతి అక్షరం ఏమిటో ఊహించమన్నాడు. ఆయన చూపిన ఉదాహరణలో 129 అక్షరాలకు 89 మొదటి ఊహకే సరిగ్గా వచ్చాయి. భాష తెలిసిన మనిషికి వాక్యంలో సగానికి పైగా ముందే తెలుసు.

ఈ ఆట తెలుగులో ఆడించండి, ఖర్చు లేదు. నల్లబల్ల మీద సం అని రాయండి. రకరకాల ఊహలు వస్తాయి, సంత, సంచి, సంక్రాంతి. గా రాయండి, కొన్ని గొంతులు ఆగిపోతాయి. రె రాయగానే తరగతంతా డ్డి అని అరుస్తుంది. సంగారెడ్డి పిల్లలు కదా. ఏ చోట ఎంతమంది ఊహ మారిందో లెక్క రాయిస్తే అది సంభావ్యత పాఠం అవుతుంది.

ఇక్కడ ఒక తేడా మాత్రం పిల్లలకు విప్పి చెప్పాలి. డ్డి అన్నది అలవాటు చెప్పిన జవాబు. ఏ, సీ, ఎఫ్, జే, ఓ తర్వాత యూ అన్నది నియమం చెప్పిన జవాబు. మొదటిదానిలో ఎక్కువసార్లు ఏది వచ్చిందో అది గెలుస్తుంది, తప్పే అవకాశం ఎప్పుడూ కొంత ఉంటుంది. రెండోదానిలో నియమాన్ని బయటపెట్టి, పక్కవాళ్ల చేత పరీక్షింపజేయొచ్చు. యంత్రాలు అలవాటులో మనల్ని ఎప్పుడో దాటేశాయి. నియమం చెప్పమంటే, ఎందుకో చూపమంటే మన పిల్లలు వెనకబడకూడదని నా తాపత్రయం. అందుకే గైడులో జవాబుల పేజీ చూసి బట్టీ పట్టే పద్ధతి నాకు నచ్చదు. ఆ పద్ధతిలో పిల్లను ఊహించే యంత్రంగా తయారుచేస్తున్నాం, అదీ తక్కువ రకం యంత్రంగా.

మన అక్షరాలతో యంత్రానికి ఇంకో ఇబ్బంది ఉంది. స్త్రీ అనే మాట మన పిల్లకు ఒక్క అక్షరం. కంప్యూటర్ లోపల అది స, పొల్లు, త, పొల్లు, ర, ఆ పైన దీర్ఘం గుర్తు, మొత్తం ఆరు సంకేతాలు. తర్వాతి అక్షరం ఏది అని తెలుగులో అడిగితే ముందు అక్షరం అంటే ఎంత అని తేల్చుకోవాలి. ఇది తెలుగు తెలిసిన వాళ్లు కూర్చుని పరిష్కరించాల్సిన పని. బడి గోడకు, ఐఐటీ గోడకు మధ్య దూరం కందిలో నడిచిపోయేంతే. ఈ బడుల్లో చదివిన పిల్లలు అక్కడికి వెళ్లి ఆ పనిలో చేయి వేయాలని కోరుకుంటున్నాను.

తల్లిదండ్రులకు, టీచర్లకు ఒక మనవి. వారంలో ఒక పూట పిల్లల చేత శ్రేణులు విడిపించడం ఆపి, కట్టించండి. తాను కట్టిన శ్రేణికి రెండో జవాబు రాకుండా చూసుకోవాలంటే పిల్ల ఎంత ఆలోచించాలో మీరే చూస్తారు. ఒక అమ్మాయి కట్టింది: ఒ, రె, మూ, నా, ఐ. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. తర్వాత ఆరు కాబట్టి ఆ. ఇంకొకరు చై, వై, జ్యే, ఆ అని రాశారు, తెలుగు నెలలు. తర్వాతిది శ్రా. వాటికి అంకెలు వేసి కూర్చుంటే ఎన్ని గంటలైనా జవాబు రాదు. వెనక్కి చూడాల్సింది ఒక్కోసారి కాగితం మీద ఉండదు, ఇంట్లో వేలాడే క్యాలెండర్‌లో ఉంటుంది.

పెన్సిళ్లు ఇంకా చేతిలోనే ఉంటే చివరిగా ఒకటి. గవ్వలు ఎనిమిది, రాళ్లు ఎనిమిది తీసుకుని పదహారింటి చక్రం పేర్చండి. వరసగా నాలుగేసి తీసుకుంటూ చుట్టూ తిరిగితే పదహారు రకాలూ ఒక్కోసారి రావాలి. మొదలు నేను చెబుతాను: గవ్వ, గవ్వ, గవ్వ, గవ్వ. అయిదోది రాయే కావాలి, ఎందుకో మీరే చెప్పగలరు. అక్కడి నుంచి పిల్లలతో కలిసి ముందుకు నడవండి.